పిలిస్తే పలికే విద్య: వీరగాథా గానం, కోడింగ్ ఏజెంట్లు

కారెంపూడి వీరుల ఉత్సవాన్ని గురించి పల్నాడు విద్యార్థులకు కొత్తగా చెప్పనక్కరలేదు. కార్తీక అమావాస్యతో మొదలయ్యే ఆ ఉత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొక పేరు. కథంతా నోటికి వచ్చిన వీరవిద్యావంతులు ఏ రోజుకు తగిన ఘట్టాన్ని ఆ రోజు అందుకొంటారు.

కంప్యూటరు రంగంలో దీనికి దగ్గరి పద్ధతి ఒకటి ఇటీవల వచ్చింది. 2025 అక్టోబరులో ఆంత్రోపిక్ సంస్థ 'ఏజెంట్ స్కిల్స్'ను ప్రకటించింది. ఒక్కో పనికి సంబంధించిన సూచనలు ఒక్కో ఫోల్డరులో ఉంటాయి. ప్రోగ్రాములు రాసే ఏజెంటు మొదట వాటి పేర్లు, క్లుప్త వివరణలు మాత్రమే చదువుతుంది. అవసరం పడినప్పుడే పూర్తి సూచనలను తెరుస్తుంది. ఏజెంటు ఒక విడతలో దృష్టిలో ఉంచుకోగల పాఠానికి హద్దు ఉంది. అక్కరలేనిది నింపితే కావలసినది మరుగున పడుతుంది. కనుక ఇది మంచి పొదుపే.

అయితే పోలిక ఎంతవరకు నిలుస్తుందో చూడండి. గాయకుడు కథంతా తెలిసి ఎంచుకొంటాడు. ఏజెంటు చదవకముందే ఎంచుకోవాలి. దానికి ఆధారం రెండు మూడు వాక్యాల వివరణే. వివరణ సరిగా లేకపోతే మంచి స్కిల్ మూలన పడి ఉంటుంది. వివరణ అబద్ధమైతే హానికరమైన సూచనలు లోపలికి వస్తాయి. అందుకే బయటినుంచి తెచ్చిన స్కిల్‌ను వాడబోయే ముందు మనిషి పూర్తిగా చదవాలి.

ఈ లోపం యంత్రానిదే అనుకోకండి. పల్నాటి వీరచరిత్ర అనగానే మనలో చాలామందికి కోడిపందెం, యుద్ధం మాత్రమే గుర్తుకు వస్తాయి. 'వీర' అన్న మాట దగ్గరే ఆగినవారికి బ్రహ్మనాయుని చాపకూడు, కన్నమదాసుకు అతడిచ్చిన గౌరవం కనబడవు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమై, అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రచురించిన ద్విపదను ఒకవైపు, జీన్ రోగేర్ 1982లో ఆంగ్లంలో వెలువరించిన గాయకుల కథను మరోవైపు ఉంచి చదివితే ఆ గాథ విస్తృతి అర్థమవుతుంది.

అవసరమైనప్పుడు అవసరమైనదే తెరవడం తెలివైన పని. కాని ఏది అవసరమో తేల్చడానికి మొత్తం తెలిసినవారు ఒకరైనా ఉండాలి. గాయకుని విషయంలో ఆ బాధ్యత గాయకునిదే. ఏజెంటు విషయంలో అది దాన్ని వాడే మీది. మీరు చదువుతున్న ఈ పాఠం కూడా ఒక క్లుప్త వివరణే. ఇక్కడితో ఆగక మూలం తెరవండి.

అభ్యాసం: మీరు పూర్తిగా చదివిన ఒక రచనకు రెండు వాక్యాల వివరణ రాయండి. ఆ వివరణ మాత్రమే చదివినవారు ఏమి కోల్పోతారో పది పంక్తులలో చర్చించండి.