‘భార’ శబ్దం – చలిమేఘాలలోని డ్యుటీరియం

తెలుగు పాఠకుడు డ్యుటీరియాన్ని ఎరిగింది ‘భారజలం’ అన్న పదం ద్వారా. ఆ పదం బరువును సూచించింది గాని చలిని సూచించలేదు. మణుగూరు భారజల కర్మాగారంలో డ్యుటీరియం హైడ్రోజన్ సల్ఫైడును విడిచి నీటిలో చేరేది వేడి తక్కువగా ఉన్న టవరులోనే. నక్షత్రాలు రూపొందే మేఘాలలోనూ చలిదే ప్రధాన పాత్ర. విశ్వంలో లక్ష హైడ్రోజన్ పరమాణువులకు రెండు మూడుకు మించని డ్యుటీరియం, సుమారు 10 కెల్విన్ల వద్ద కొన్ని అణువులలో పోగుపడుతుంది. ఈ చేరికను అడ్డగించే కార్బన్ మోనాక్సైడు ధూళిరేణువులపై గడ్డకట్టి తప్పుకుంటుంది. వృషభరాశిలోని ఎల్1544 మేఘగర్భంలో నత్రజని–హైడ్రోజన్ అయాన్లు ఐదింటికి డ్యుటీరియం చేరినది దాదాపు ఒకటి కనిపించింది. చలి ప్రస్తావన లేకుండా వీటిని ‘భార అణువులు’ అంటే, ఆ మేఘంలో డ్యుటీరియమే అధికమని పాఠకుడు పొరబడతాడు. ‘డ్యుటీరియం చేరిన అణువులు’ అనడం పొడుగైనా మేలు. ఈ నిష్పత్తిని నేరుగా మేఘం వయసుగా చదవడమూ తొందరపాటే; హైడ్రోజన్ అణువుల ఆర్థో, పారా రూపాల పాళ్లను బట్టి కూడా అది మారుతుంది.