వెలుగు బిగించే ముడి

రక్తంలో ఒక ప్రోటీన్ ఉందో లేదో చెప్పే చాలా పరీక్షల్లో ఒక పలక మీద యాంటీబాడీలను అతికించాలి. అతికించడం సులువే, సరిగ్గా నిలబెట్టడమే కష్టం. యాంటీబాడీ ఇంగ్లీషు 'వై' అక్షరంలా, సుమారు 10 నానోమీటర్ల మేర ఉంటుంది. వెతికేదాన్ని పట్టుకునేవి దాని రెండు చేతులు. మామూలు రసాయన పద్ధతిలో ఒంటినిండా ఉన్న లైసీన్ అనే అమైనో ఆమ్లాల్లో ఏది తగిలితే అది పలకకు అంటుకుంటుంది. దాంతో కొన్ని అడ్డంగా పడతాయి, కొన్ని బోర్లా పడతాయి. ఆకులు మట్టిలోకి, వేళ్లు పైకి పెట్టి నాటిన నారు ఏం పండుతుంది?

ఈ చిక్కు విప్పడానికి ప్రోటీన్ ఇంజనీర్లు ముందు యాంటీబాడీ తోకను, అంటే 'వై' కింది కాడను, మాత్రమే పట్టే బుల్లి ప్రోటీన్‌ను ఎంచుకున్నారు. స్టెఫైలోకాకస్ బాక్టీరియా తయారుచేసే ప్రోటీన్-ఎలో ఒక ముక్కను 1980లలో స్వీడన్‌లో సవరించగా వచ్చిన 'జడ్' డొమైన్ అది. మొత్తం 58 అమైనో ఆమ్లాలే. 29వ స్థానంలో గ్లైసీన్ తీసి అలనీన్ పెట్టింది ఒక రసాయనానికి తెగకుండా ఉండాలని. దాంతో యాంటీబాడీ చేతుల వైపు పట్టు కూడా సడలింది, తోక పట్టు నిలిచింది. పనితనానికి కాస్త అదృష్టమూ తోడైంది.

అయితే ఈ పట్టు ఆమ్లంతో కడిగితే ఊడిపోతుంది. శాశ్వతం చేయాలంటే గొళ్లెం కావాలి. అసలు నైపుణ్యమంతా ఆ గొళ్లెంలోనే ఉంది.

ఆ గొళ్లేనికి పునాది వేరేచోట పడింది. 2002లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో పీటర్ షుల్ట్జ్ బృందం ఈ.కోలై బాక్టీరియా చేత ప్రకృతి ఇవ్వని అమైనో ఆమ్లం ఒకదాన్ని ప్రోటీన్‌లో పెట్టించింది. 'ఇక్కడితో ఆపు' అని చెప్పే మూడు జన్యు సంకేతాల్లో యూఏజీని ఇందుకు వాడుకున్నారు. ఆ సంకేతాన్ని చదివే యంత్రాంగాన్ని సముద్రగర్భపు వేడి నీటి బుగ్గల దగ్గర బతికే సూక్ష్మజీవి నుంచి తెచ్చారు. అంత దూరపు చుట్టం కాబట్టే బాక్టీరియా సొంత యంత్రాంగంతో కలగాపులగం కాలేదు.

ఆ అమైనో ఆమ్లం మోసేది బెంజోఫినోన్. అతినీలలోహిత కాంతితో ఆరే అచ్చు సిరాల్లో వాడే పదార్థమే! 365 నానోమీటర్ల కాంతి పడగానే అది ఉత్తేజితమై, సుమారు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న కార్బన్-హైడ్రోజన్ బంధం నుంచి హైడ్రోజన్‌ను లాక్కుని, ఆ కార్బన్‌తోనే గట్టి బంధం వేసుకుంటుంది. అందుబాటులో ఏదీ లేకపోతే మళ్లీ మామూలు స్థితికి వచ్చి తర్వాతి కాంతికణం కోసం ఎదురుచూస్తుంది. ఇలాంటి పనికే వాడే ఎజైడ్లకు ఈ ఓపిక లేదు. ఒకసారి వెలుగు తగిలి నైట్రోజన్ వదిలేశాక వాటికి రెండో అవకాశం ఉండదు. పైగా ప్రోటీన్లు ప్రధానంగా పీల్చుకునేది 280 నానోమీటర్ల దగ్గరి, అంతకు దిగువ కాంతిని. అందుకే గొళ్లెం వేసే వెలుగు వాటికి పెద్దగా హాని చేయదు.

ఈ గొళ్లెం ఎక్కడ పెట్టాలన్నది చివరి చిక్కు. తోకకు దూరమైతే అందదు, బాగా దగ్గరైతే గొళ్లెం స్థూలాకారమే పట్టును చెడగొడుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ సూర్కస్ బృందం జడ్‌లో వేర్వేరు స్థానాలను పరీక్షించి మేలైనదాన్ని ఎంచుకుంది. నా దృష్టిలో మొత్తం పనిలో మెచ్చుకోదగ్గది ఈ ఓపికైన ఎంపికే.

లోపాలూ ఉన్నాయి. యూఏజీ దగ్గర కొన్ని ప్రోటీన్లు సగంలోనే ఆగిపోయి దిగుబడి తగ్గుతుంది. మనిషి యాంటీబాడీల్లో ఐజీజీ3 రకాన్ని జడ్ పట్టలేదు. అందుకే అదే బృందం ఇదే గొళ్లేన్ని ప్రోటీన్-జి అనే మరో ప్రోటీన్ ముక్కకూ అమర్చింది. అది ఐజీజీ3నీ పడుతుంది.