‘అసలు’ పేరు

మన జిల్లాల చరిత్రలు రాసిన పుస్తకాలు, పత్రికల జిల్లా పేజీలు, సభలకూ ఉత్సవాలకూ అచ్చేసే ప్రత్యేక సంచికలు తిరగేయండి. ఒకే అచ్చులో పోసినట్టు ఒక వాక్యం కనబడుతుంది: ‘ఈ పట్టణం అసలు పేరు ఫలానా. ముస్లిం పాలకులు దాన్ని ఫలానాగా మార్చారు.’ నిజామాబాద్ అసలు పేరు ఇందూరు. మహబూబ్‌నగర్ అసలు పేరు పాలమూరు. మహబూబాబాద్ అసలు పేరు మానుకోట. రాసినవాళ్లందరికీ మనసులో ద్వేషం వుందని నేననను. వాళ్లలో మంచివాళ్లున్నారు, లౌకికవాదులున్నారు. కానీ ఆ వాక్యం వాళ్ల చేత ఒక పని చేయిస్తోంది. ఒక పేరును ఇంటిమనిషిని చేసి, రెండోదాన్ని చొరబడినవాడిగా నిలబెడుతోంది.

తమాషా ఏమిటంటే, ఆ ‘అసలు’ అన్న మాటే అరబ్బీది. ‘అస్ల్’ అంటే మూలం, వేరు. ‘జిల్లా’ అరబ్బీ. 1985లో మండలాలు వచ్చేదాకా మనం కాగితాలు పట్టుకుని తిరిగిన ‘తాలూకా’ అరబ్బీ. చిన్న పట్టణానికి పాత రికార్డులు వాడిన ‘కసబా’ కూడా అరబ్బీయే. వూరి మూలం వెతకబోయినవాడు ముందు ఈ మాటల్ని అరువు తెచ్చుకోవాలి. తెచ్చుకున్నాక అవి అరువని మరిచిపోతాడు. మరిచిపోవడం తప్పుకాదు, భాష బతికేది అలాగే. మాటల విషయంలో చేసిన పని మనుషుల విషయంలో ఎందుకు చేయరన్నదే నా ప్రశ్న.

బందరు సంగతే చూడండి. పారశీకంలో ‘బందర్’ అంటే రేవు. బందరు లడ్డు, బెజవాడలో బందరు రోడ్డు - ఇవి పరాయివని ఏ చరిత్రకారుడికీ అనుమానం రాలేదు. మచిలీపట్నంలోని ‘మచిలి’కి చేప అని అర్థం చెప్పేవాళ్లున్నారు. అదే నిజమైతే అదీ హిందూస్తానీయే, తెలుగు చేప కాదు. కానీ అక్కడ నవాబు పేరు కనబడదు, కనక ఎవరికీ గుచ్చుకోదు. అంటే గొడవ భాషతో కాదు, పేరులో వినబడే మనిషితో.

రాజు పెట్టిన పేరల్లా జనం నెత్తిన కూచుందన్న మాటా అబద్ధమే. గోల్కొండ సేనాని నేక్‌నాం ఖాన్ కడపకు తన పేరిట నేక్‌నామాబాద్ అని పెట్టుకున్నాడు. ఆదోనికి మొగలాయీలు ఇంతియాజ్‌గఢ్ అన్నారు. కర్నూలు కమర్‌నగర్ అయింది. ఈ పేర్లు నాణేల మీదా ఫర్మానాల్లోనూ మిగిలాయి. జనం నోట్లో కడప కడపగానే, ఆదోని ఆదోనిగానే వున్నాయి. మరి మహబూబ్‌నగర్ ఎలా నిలబడింది? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరిట ఆ పేరు పెట్టింది 1890లో. అప్పటికి కచేరీ, తపాలా, రెవెన్యూ రికార్డు బలపడ్డాయి. కొత్త పేరు కాగితానికెక్కి, కాగితంతోపాటు నిలిచింది. నోటి మాట మాత్రం పాలమూరే. వలసపోయే కూలీ పాలమూరు కూలీయే, పథకం పేరు పాలమూరు ఎత్తిపోతలే. నూరేళ్లకు పైగా రెండు పేర్లూ ఒక వూళ్లో కాపురం చేశాయి. ఎవరికీ అడ్డం రాలేదు.

ఈ పేర్లను విప్పి చూసినా అంతే. కరీంనగర్‌లో ‘కరీం’ అరబ్బీ, ‘నగర్’ సంస్కృతం. సికింద్రాబాద్‌లోని సికందర్ గ్రీకుల అలెగ్జాండరు, అరబ్బుల మీదుగా మన దాకా నడిచొచ్చినవాడు. ఇక షాద్‌నగర్ ఏ నవాబుదో అనుకుంటారు. నిజాం ప్రధానిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ ఉర్దూ కవి, ఆయన తఖల్లుస్ ‘షాద్’. ఆ పట్టణం పేరు ఒక హిందువు కలంపేరు. దీన్ని ఏ లెక్కన మార్చాలో మార్చేవాళ్లే చెప్పాలి.

‘మార్చడం కాదు, పాతది తిరిగి తెచ్చుకుంటున్నాం’ అంటున్నారు. 2018లో అలహాబాద్ ప్రయాగ్‌రాజ్ అయింది. 2023లో ఔరంగాబాద్ ఛత్రపతి శంభాజీనగర్ అయింది. ఔరంగాబాద్ పాత పేరు ఖడ్కీ. దాన్ని 1610లో రాజధానిగా కట్టినవాడు ఆఫ్రికా నుంచి బానిసగా వచ్చిన మాలిక్ అంబర్. పాతది కావాలంటే ఖడ్కీ అనాలి, కట్టినవాణ్ణి తలుచుకోవాలంటే అంబర్ పేరు పెట్టాలి. రెండూ జరగలేదు. 2018 ఎన్నికల ప్రచారంలో కరీంనగర్‌ను ‘కరీపురం’ చేస్తామన్న మాట వినబడింది. పాతదంటే పక్కనున్న ఎలగందుల గుర్తొస్తుంది. ఈ కరీపురం ఎక్కడినుంచి దిగిందో?

ఇక్కడ మనవాళ్లతోనూ ఒక మాట. నిజామాబాద్ పేరు చూసి మురిసే ముస్లింలను ఎరుగుదును. ఆ పేరు మనది కాదు, నిజాముది. దూదేకులవాడికీ, గాజుల మలారం మోసినవాడికీ, రిక్షా తొక్కినవాడికీ అందులో వాటా లేదు. ఆ పేరు తీసేస్తే నిజాముకు పోయేది కూడా ఏమీ లేదు. అదే వూళ్లో సైకిల్ పంక్చర్లేసే మనిషికి మాత్రం ‘నువ్వూ అద్దెకున్నవాడివే’ అని చెప్పినట్టవుతుంది. దెబ్బ తగిలేది అతనికే. అందుకే రాజు మీద ఏ ప్రేమా లేకుండానే ఈ పేర్ల గురించి మాట్లాడాల్సి వస్తోంది.

2016లో ఆసిఫాబాద్ జిల్లా ఏర్పడ్డప్పుడు దాని ముందు కొమురం భీం పేరు పెట్టారు. అసఫ్‌జాహీ సర్కారుతో పోరాడి 1940లో చనిపోయిన గోండు వీరుడు, ఆ అసఫ్‌జాహీల పేరు మోసే పట్టణం - రెండూ ఒకే బోర్డు మీద వున్నాయి. అధికారులు ఇంత ఆలోచించి చేశారని నాకు నమ్మకం లేదు గానీ, చరిత్ర చదవాలనుకునేవాడికి తుడిచేసిన బోర్డు కంటే ఇదే నయం.

మన పరిశోధకులు అసలు తొంగిచూడని పేర్లు వేరే వున్నాయి. గుంటూరు వైపు తురకపాలెం, భువనగిరి దగ్గర తుర్కపల్లి. ఇవి నవాబులు పెట్టుకున్నవి కావు. అవతలివాళ్లు మనల్ని పిలిచిన పిలుపులు, మాలపల్లె, మాదిగపల్లెల లాంటివే. వీటిని మార్చాలని ఎవరూ ఊరేగింపు తీయలేదు. నెల్లూరులో దర్గామిట్ట వుంది. దర్గా పారశీకం, మిట్ట తెలుగు. రొట్టెల పండక్కి అన్ని మతాలవాళ్లూ చెరువులో దిగి రొట్టెలు మార్చుకునేది అక్కడే. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పనిచేసినట్టు, ఈ పేర్ల మీద ఎవరన్నా కూచుని పనిచేయాలి. ఎవరు పెట్టారు, ఎవరు పలికారు, అక్కడుండేవాళ్లు తమ వూరిని తమలో తాము ఏమని పిలుచుకున్నారు - ఇవి వాళ్ల ముసలివాళ్లను అడిగి రాసుకోవాలి.