వరసల మధ్య ఎడం

లూ షున్ 'ఒక పిచ్చివాడి డైరీ'ని నేను రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఫోన్‌లోనే, ఒకే టెక్స్ట్. మొదటిసారి సగంలో ఆపేశాను. మూడేళ్ళుగా ఆఫీసయ్యాక కూర్చుని నేర్చుకుంటున్న చైనీస్, ఇంతకన్నా ఏం వస్తుందిలే అని సరిపెట్టుకున్నాను. తప్పు సగమే నాది. మిగతా సగం అక్షరాలు స్క్రీన్ మీద కూర్చున్న తీరుది.

చైనీస్‌లో పదాల మధ్య ఖాళీ ఉండదు. ఒక్క గీత ఉన్న అక్షరమైనా, ఇరవై గీతలున్నదైనా ఒకే కొలత చదరపు గడిలో ఇమడాలి. ఒక మాట ఎక్కడ ముగిసిందో కన్నే తేల్చుకోవాలి. కామా కూడా తనకంటూ ఒక గడి తీసుకుంటుంది, ఆ ఖాళీలో కన్ను కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఇంగ్లీషులో చిన్నక్షరాల పైనా కిందా కొంత చోటు దానంతటదే మిగులుతుంది. చైనీస్ అక్షరం గడినంతా నింపేస్తుంది కాబట్టి వరసల మధ్య ఇంకాస్త ఎడం కావాలి. నా రీడర్ యాప్ ఇంగ్లీషు ఎడాన్నే దీనికీ వాడింది. పేజీ అంతా ఒక నల్లగోడ.

ఏ కథకైనా అది ఇబ్బందే. ఈ కథకి మాత్రం పెద్ద నష్టం. 1918లో వచ్చిన ఈ కథలో, చుట్టూ ఉన్నవాళ్ళంతా నరభక్షకులని భయపడే మనిషి ఒక రాత్రి చరిత్ర పుస్తకం తెరుస్తాడు. పేజీ నిండా నీతులే. నిద్రపట్టక చూస్తూ ఉంటే, అక్షరాల సందుల్లోంచి మనుషుల్ని తినడం గురించిన రాత బయటపడుతుంది. సందే లేని పేజీలో ఆ చూపు నాకెలా అందుతుంది?

రెండోసారికి నేనే ఒక పేజీ తయారుచేసుకున్నాను. ఎడం అక్షరం ఎత్తుకి 1.8 రెట్లు. అక్షరాలు సోంగ్‌టి: సన్నటి అడ్డగీతలు, లావుపాటి నిలువుగీతలు, చెక్క మీద చెక్కి అచ్చేసిన కాలపు వారసత్వం. గీతలన్నీ ఒకే మందంగా ఉండే హేయ్‌టిని స్క్రీన్లు ఇష్టపడటానికి కారణం లేకపోలేదు. పాత మసక స్క్రీన్ల మీద సోంగ్‌టి అడ్డగీతలు చెదిరిపోయేవి. ఇప్పటి ఫోన్లకి ఆ సాకు చెల్లదు.

కథకి ముందుమాట పాత గ్రాంథిక చైనీస్‌లో ఉంటుంది, డైరీ వాడుక భాషలో. గిడుగు పేరు విని పెరిగిన మనకి ఆ తేడా విలువ వేరే చెప్పక్కర్లేదు. నాకు దొరికిన టెక్స్ట్‌లో ముందుమాటని ఇటాలిక్ చేశారు. చైనీస్‌కి ఇటాలిక్ సంప్రదాయమే లేదు. బ్రౌజర్ గడుల్ని పక్కకి వంచి ఊరుకుంటుంది. దాన్ని కుంచెరాతని పోలిన కైటిలోకి మార్చాక, రోగి కోలుకుని సర్కారు కొలువు కోసం వెళ్ళాడని చెప్పే ఆ పెద్దమనిషి గొంతు విడిగా వినపడింది. అందులోని వ్యంగ్యం అప్పుడు గుచ్చుకుంది.

అయితే నేనూ ఒక తప్పు చేశాను. పేజీ చూసిన మా చైనీస్ టీచర్ ఒక అక్షరం మీద వేలు పెట్టి, "ఇది జపాన్ రాత కదా" అన్నారు. 'నేరుగా' అనే అర్థమున్న అక్షరం అది. యూనికోడ్‌లో చైనీస్‌కీ జపనీస్‌కీ దానికి ఒకటే సంఖ్య, ఆకారం తేల్చేది ఫాంట్. పేజీ ఏ భాషదో కోడ్‌లో రాయడం మర్చిపోయాను, బ్రౌజర్ జపనీస్ ఫాంట్ అందుకుంది. ఒక్క పదం చేర్చితే సరిపోయింది.

తెలుగు ఒత్తులు కింది వరసకి తగిలి తెగితే గొడవచేసేవాణ్ణి నేను. అదే నేను, ఆఫీసులో చైనీస్ స్క్రీన్ మీద "టెక్స్ట్ కనపడుతోంది కదా" అని రాసి టికెట్ మూసేశాను. సోమవారం దాన్ని మళ్ళీ తెరిచాను.