గూల్డ్ పెట్టె, రూబిన్‌స్టైన్ పెట్టె

పియానో సంగీతం రుచి మరిగినవాళ్లను ఎప్పుడో ఒకప్పుడు రెండు పెట్టెలు ఊరిస్తాయి. ఒకటి కెనడా వాద్యకారుడు గ్లెన్ గూల్డ్‌ది. సోనీ కంపెనీ 2015లో తెచ్చింది, 81 సీడీలు. రెండోది పోలండ్‌లో పుట్టిన ఆర్థర్ రూబిన్‌స్టైన్‌ది. 2011లో వచ్చింది, 142 సీడీలు, వాటి మీద రెండు డీవీడీలు. రెంటి మీదా ‘సంపూర్ణం’ అనే మాట ఉంది. ముత్యంపేటలో కూర్చుని వీటిలో ఏది కొనాలి, అసలు కొనాలా అన్నది ప్రశ్న.

ఇది నవ్వులాటకు వేసే ప్రశ్న కాదు. 2015 డిసెంబరులో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ ఊరు ఇది. ఇక్కడ ఏ వస్తువు ధర విన్నా, దాంతో ఇంకేం వస్తుందో మనసులోనే లెక్క వేసుకుంటాం. పైగా విదేశం నుంచి తెప్పిస్తే పెట్టె ధరకు తోడు రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ. సీడీ ప్లేయర్ సంగతి సరేసరి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటే ఉండటం లేదు.

ఇంకో సంగతి. మా పక్క ఊళ్లలో పాట ‘కొనుక్కోవడం’ గల్ఫ్ టేపురికార్డర్లతో వచ్చింది. కోరుట్ల, జగిత్యాల వైపు నుంచి దుబాయికీ మస్కట్‌కీ పోయినవాళ్లు సెలవుకు వస్తూ పెద్ద పెద్ద టూ-ఇన్-వన్‌లు మోసుకొచ్చేవారు. ఖాళీ క్యాసెట్ పట్టుకుని షాపుకు పోయి, కావలసిన పాటలు చీటీ మీద రాసిస్తే ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఎవరికి వారు ఏరుకున్న పాటలే ఉండేవి. అక్కర్లేని పాట ఒక్కటి పడ్డా, చోటు వృథా అయిందని షాపతనితో గొడవ. ఏరుకోవడం అలవాటైన చెవికి ‘మొత్తం తీసుకో’ అనే బేరం మొదటి నుంచీ అనుమానమే. ఆ అనుమానం మంచిదే. కానీ అన్ని పెట్టెల విషయంలోనూ అది సరిపోదు.

ముందుగా రెంటికీ ఉన్న ఒక కిటుకు. పాత ఎల్పీ రికార్డు ఏ అట్టలో ఎలా వచ్చిందో, అదే బొమ్మతో, అదే వరుసలో ఒక్కో సీడీగా పెట్టారు. ఎల్పీలో ఉండేది నలభై, యాభై నిమిషాలు. సీడీలో ఎనభై నిమిషాల దాకా పడుతుంది. అంటే సంఖ్య చూసి మురిసిపోవడానికి లేదు, చాలా సీడీలు సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే నిండి ఉంటాయి. ఆ చిన్న అట్టలు చూడ ముచ్చటగా ఉంటాయి, కాదనను. వాటి వెనక అచ్చయిన అక్షరాలు చదవాలంటే మాత్రం భూతద్దం కావాలి.

ఇక వాయింపు సంగతి. గూల్డ్ 1964 ఏప్రిల్లో లాస్ ఏంజెలిస్‌లో చివరి కచేరీ చేశాడు. అప్పటికి అతని వయసు 31. ఆ తర్వాత 1982 అక్టోబరు 4న చనిపోయేదాకా కచేరీకని వేదిక ఎక్కలేదు. స్టూడియోనే నమ్ముకున్నాడు. 1966లో రాసిన వ్యాసంలో తన పని గుట్టు తానే విప్పాడు. బాఖ్ రాసిన ‘వెల్ టెంపర్డ్ క్లావియర్’ మొదటి సంపుటంలో ఏ మైనర్ ఫ్యూగ్ ఉంది. దానికి ఎనిమిది టేకులు తీశారు. ఆరోది గంభీరంగా, ఒక స్వరం మీద ఇంకో స్వరం ఒరిగినట్టు సాగింది. ఎనిమిదోది స్వరాలను విడివిడిగా తుంచుతూ హుషారుగా నడిచింది. దేనికది బాగానే ఉంది కానీ, ఏది విన్నా మొదటి నుంచి చివరిదాకా ఒకే రంగులో ఉండి విసుగనిపించింది. అదృష్టం కొద్దీ రెంటి వేగం దాదాపు ఒక్కటే. అందుకని ఎత్తుగడా ముగింపూ ఆరో టేకు నుంచి, నడిమి భాగం ఎనిమిదో టేకు నుంచి తీసుకుని అతికించాడు. సిరిసిల్లలో మరమగ్గం మీద తెగిన పోగును అతికే చేయి గుర్తొస్తుంది: బట్ట మీద ముడి కనబడిందంటే ఆ పని రానట్టే. గూల్డ్ ముడి చెవికి దొరకదు. ఎక్కడ అతికాడో చెప్పిన తర్వాత కూడా నాకు దొరకలేదు.

అలా చేసిన రికార్డు దేనికదే పూర్తయిన వస్తువు. దాని తర్వాత ఇంకోటి వినాల్సిన అవసరం ఉండదు. గూల్డ్ ఒకసారి చెప్పిన మాట మళ్లీ చెప్పే మనిషి కూడా కాదు. కొన్ని చిన్న కృతులు పక్కన పెడితే, రెండుసార్లు రికార్డు చేసిన పెద్ద రచన బాఖ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ ఒక్కటే. మొదటిసారి 1955లో, రెండోసారి 1981లో. మొదటిది ముప్పై ఎనిమిది నిమిషాల పైచిలుకు, రెండోది యాభై ఒకటి. ఈ తేడా అంతా వేగానిది కాదు, రెండోసారి కొన్ని భాగాలను తిరిగి వాయించాడు. అయితే తొలి ‘ఆరియా’ ఒక్కటి పక్కపక్కన పెట్టి వినండి. 1955లో రెండు నిమిషాల లోపే అయిపోతుంది. 1981లో అదే పాట, అవే స్వరాలు, మూడు నిమిషాలు పడుతుంది. కుర్రవాడు దాటిపోయిన ప్రతి స్వరం దగ్గరా పెద్దవాడు ఆగి చూస్తాడు.

1981 రికార్డులో మన చెవికి బాగా పట్టే విశేషం ఇంకొకటుంది. ఆరియా తర్వాత ముప్పై వేరియేషన్లు. వాటన్నిటినీ ఒకే మూల లయకు కట్టాడు. ఒకటి నెమ్మదిగా, తర్వాతది పరుగుగా వినిపించినా, అడుగున కొట్టుకునే నాడి మారదు, దాని భాగహారమే మారుతుంది. కాలప్రమాణం కదలకుండా చతురశ్రం నుంచి తిశ్రానికీ, ఖండానికీ గతి మార్చే మృదంగ విద్వాంసుడిని విన్నవాళ్లకు ఇది వెంటనే తెలిసిపోతుంది. యూరప్ సంగీతం తమకు ఎక్కదనే కర్ణాటక సంగీత ప్రియులకు నేను మొదట వినిపించేది ఇదే. వెనక సన్నగా వినబడే కూనిరాగం గూల్డ్‌దే. వాయిస్తూ పాడుకోవడం అతని చిన్ననాటి అలవాటు, ఇంజనీర్లు ఆపలేకపోయారు.

ఈ రెండు గోల్డ్‌బర్గ్‌లూ కాక గూల్డ్‌వి తప్పక ఉండాల్సినవి బాఖ్ 48 ప్రెల్యూడ్‌లూ ఫ్యూగ్‌లూ, బ్రామ్స్ ఇంటర్‌మెజోలు. మొజార్ట్ సొనాటాలు మొత్తం వాయించాడు కానీ, మొజార్ట్ మీద ఏదో పాతకక్ష తీర్చుకుంటున్నట్టుంటుంది. కొన్ని ఒక్కసారి వినాలి, చాలావాటికి ఆ ఒక్కసారి కూడా ఎక్కువే. 81 సీడీలలో మళ్లీ మళ్లీ చేతికొచ్చేవి పదిహేను దాటవు.

రూబిన్‌స్టైన్ దీనికి పూర్తిగా ఎదురు. 1887 జనవరిలో పుట్టాడు, 1982 డిసెంబరు 20న పోయాడు. గూల్డ్ కంటే నలభై అయిదేళ్లు పెద్ద, అతని కంటే రెండున్నర నెలలు ఆలస్యంగా వెళ్లాడు. 1976లో లండన్‌లో చివరి కచేరీ చేసేదాకా జనం మధ్యే బతికాడు. 1971లో ఒక అమెరికన్ పత్రిక కోసం గూల్డే వెళ్లి ఆయనను ఇంటర్వ్యూ చేశాడు. ఎదురుగా మనుషులుంటేనే వాయింపులో ప్రాణముంటుందని పెద్దాయన, మనుషులే అడ్డమని చిన్నాయన. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

142 సీడీలకు అసలు కారణం ఈ స్వభావమే. ఆయన ఒకే సంగీతాన్ని మళ్లీ మళ్లీ రికార్డు చేశాడు. షోపాన్ నాక్టర్న్‌లు మూడుసార్లు, పొలొనేజ్‌లు మూడుసార్లు, మజూర్కాలు మూడుసార్లు. బీతోవెన్ అయిదు కంచెర్టోలు కూడా మూడుసార్లు. కంపెనీ లెక్కలో ఇది సరుకు పెంచే పని. వినేవాడి లెక్కలో ఈ పెట్టె విలువంతా ఇక్కడే ఉంది.

మజూర్కా పోలండ్ పల్లెల నాట్యం. మూడు దెబ్బల లయ. అయితే బరువు మొదటి దెబ్బ మీద పడదు, రెండోదాని మీదో మూడోదాని మీదో పడుతుంది. ఎంత పడాలి, ఎంత ఆగి పడాలి అన్నది కాగితం మీద రాయడం కుదరదు. రాగంలో గమకాన్ని స్వరలిపిలో పట్టలేనట్టే ఇదీ. పియానోలో స్వరాన్ని వంచలేరు, ఒకసారి మీట తగిలితే నాదం ఆరిపోవడమే. కనుక వాయించేవాడి చేతిలో మిగిలేవి కాలమూ బరువూ మాత్రమే. 1938, 39 నాటి మజూర్కాలలో రూబిన్‌స్టైన్ ఆ కాలాన్ని ఇష్టమొచ్చినట్టు లాగుతాడు, వదులుతాడు. అవి 78 ఆర్‌పీఎం ప్లేట్ల రోజులు. ఒక పక్క నాలుగు నిమిషాల పైచిలుకు, అతకడానికి టేపు లేదు. తప్పు వాయిస్తే ఉంచుకోవాలి, లేదంటే ఆ పక్కంతా మళ్లీ వాయించాలి. ఆ తెగువ చెవికి తెలుస్తుంది. 1952, 53 నాటివి చక్కబడిన మధ్యవయసు. 1965, 66లో స్టీరియోలో వచ్చేసరికి ఆయనకు డెబ్బై ఎనిమిది దాటింది. వేగం తగ్గింది, నాదం గుండ్రనైంది, లాగుడు దాదాపు లోపలికి పోయింది.

పదిహేడో ఓపస్‌లోని నాలుగో మజూర్కా, ఏ మైనర్, తీసుకోండి. ఏ శ్రుతిలో ఉందో తేలకుండా మొదలవుతుంది, తేలకుండానే ఆగిపోతుంది. షడ్జం మీద కూర్చోకుండా పాట ముగిస్తే మనకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో అంత ఇబ్బంది. మూడు రికార్డుల్లోనూ ఆ చివరి నాలుగు ఆవర్తనాలు మాత్రమే వినండి చాలు. ఒక మనిషి దాదాపు ముప్పై ఏళ్లలో ఎలా మారాడో, ఏది మార్చుకోలేదో ఏ జీవితచరిత్రా ఇంత తేటగా చెప్పదు. చివరిదొక్కటే కొనుక్కున్నవాళ్లకు అందమైన మజూర్కాలు దొరుకుతాయి, ఈ ప్రయాణం దొరకదు.

సంపూర్ణం అనే మాటకు మన దగ్గర మంచి గీటురాయి ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 72 మేళకర్త రాగాలన్నిటిలో కృతులు కట్టి, 1952లో ‘జనకరాగ కృతి మంజరి’గా అచ్చువేశారు. తర్వాత ‘సంగీత’ అనే కంపెనీ వాటిని ‘రాగాంగ రావళి’ పేరుతో తొమ్మిది సంపుటాలుగా విడుదల చేసింది. ఇక్కడ 72 రచనలోనే ఉన్న సంఖ్య, ఒకటి తగ్గినా కుదరదు. బాఖ్ 48 కూడా అంతే, ఇరవై నాలుగు శ్రుతులకూ రెండేసి. మరోవైపు అన్నమయ్య. రాగిరేకుల మీద దొరికినవే వేల కీర్తనలు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ‘బాలాజీ పంచరత్నమాల’ పాడినప్పుడు అయిదు ఎల్పీలతో సరిపెట్టారు, అన్నమయ్య కీర్తనలతో పాటు స్తోత్రాలూ వాటిలోనే. నేదునూరి కృష్ణమూర్తి దగ్గరుండి ఆమెకు కీర్తనలు నేర్పారు. అది ఏరి కూర్చిన మాల, దాని ఘనత ఆ ఏరడంలోనే ఉంది. ఇంకో యాభై ఎల్పీలు చేరిస్తే గొప్పయ్యేది కాదు.

గూల్డ్ పెట్టె పంచరత్నమాలను యాభై ఎల్పీలకు పెంచినట్టుంటుంది. రూబిన్‌స్టైన్ పెట్టె రాగాంగ రావళి కాదు కానీ, దానిలో ఒకదానికొకటి జవాబు చెప్పుకునే రికార్డులు చాలా ఉన్నాయి.

ఫోన్లో అన్నీ వస్తున్నాయిగా అని అడుగుతారు. వస్తున్నాయి. ఏ రికార్డు ఏ ఏటిదో మాత్రం చాలాసార్లు సరిగా రాయరు, 1965దాన్ని 1938ది అనుకుని వినే ప్రమాదం ఉంది. ఈ పోలికకు ఏడాదే ప్రాణం, పెట్టెతో వచ్చే పుస్తకంలో అది ఉంటుంది. ఇంకొందరు మా పెద్దబాపులా ‘గిన్ని ఎన్నడు వింటవు రా?’ అంటారు. రోజుకొకటి వింటే రూబిన్‌స్టైన్ అయిదు నెలల్లోపే అయిపోతాడు. వినకుండా అట్టల వరుస చూసుకుని సంతోషపడేవాళ్లకు మాత్రం ఆ ప్రశ్న న్యాయమే.

నా తీర్పు ఇది. గూల్డ్ పెట్టె కొనకండి. రెండు గోల్డ్‌బర్గ్‌లూ, బాఖ్ 48, బ్రామ్స్ విడిగా తీసుకోండి, చాలు. రూబిన్‌స్టైన్ పెట్టె కొనే ముందు ఆ ఏ మైనర్ మజూర్కాను ఫోన్లోనే, ఏడాది సరిచూసుకుంటూ, మూడు కాలాల రికార్డులూ వెతికి ఒకదాని వెంట ఒకటి వినండి. తేడా వినబడి నాలుగోసారి వినాలనిపిస్తే డబ్బు కూడబెట్టి కొనండి. వినబడకపోతే ఆ డబ్బుతో రాగాంగ రావళి దొరుకుతుందేమో వెతకండి. దాన్ని మాత్రం ఒకటీ అరా కొనకండి, తొమ్మిదీ కొనండి.