ఫార్మాట్ కొట్టేముందు

మా కురిచేడు చుట్టుపక్కల కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా ఒకటే మందు: ఫార్మాట్. ప్రింటర్ కదలకపోయినా ఫార్మాటే, పాట వినపడకపోయినా ఫార్మాటే. షాపువాళ్లని అనడానికీ లేదు. వాళ్లకి గంటలో పని తెమిలిపోతుంది. కారణం వెతికినందుకు డబ్బులిచ్చేవాడెవడు? నాకు మాత్రం ఆ పద్ధతి గిట్టదు.

ఈమధ్య మా ఊళ్లో ఒక హార్మోనియం మాస్టారింట్లో ఈ పేచీ వచ్చింది. పద్యనాటకాలకి వాయించిన చెయ్యి ఆయనది. నేర్చుకునే పిల్లల కోసం హార్మోనియం ఒక ట్రాకులో, పద్యం ఇంకో ట్రాకులో రికార్డు చేసి ఇవ్వాలని కోరిక. పద్యం ట్రాకు ఆపేస్తే పిల్లవాడు ఆ హార్మోనియానికే తను పాడుకోవచ్చు. దానికో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ దించుకున్నారు. ఇన్‌స్టాల్ గీత దాదాపు చివరిదాకా పాకి, ఆగి, వెనక్కి మళ్లుతోంది. ఫైలు రాయలేకపోయానని ఒక్క ముక్క చెప్పి మూసుకుపోతోంది.

“ఏందబ్బాయ్ ఇది, ఆడదాకా పోయి ఎనక్కొస్తాంది? ఫార్మాట్ కొట్టియ్యమంటున్నారు. నా పాత క్యాసెట్లన్నీ దీంట్లోనే ఎక్కిచ్చుకున్నానే!”

“ఉండండి మాస్టారూ, అది ఆఖర్న చూద్దాం.”

ముందు చవకగా తేలే అనుమానాలు తీర్చుకోవాలి. డిస్కులో ఖాళీ ఉందా, దించిన ఫైలు పూర్తిగా దిగిందా, 32 బిట్ విండోస్ మీద 64 బిట్ ప్రోగ్రాం ఎక్కిస్తున్నామా, యాంటీవైరస్ అడ్డుపడుతోందా. ఒక్కోటే చూడాలి, పని చెయ్యని మార్పుని మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. ఒకేసారి నాలుగు మీటలు తిప్పితే, బాగుపడ్డా ఏది తిప్పితే బాగుపడిందో తెలియదు. వచ్చేవారం పక్కింటి కంప్యూటర్‌కి అదే జబ్బు చేస్తే మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఇవన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఇక మిగిలింది లాగ్. ఇన్‌స్టాలర్లు చాలావరకు తాము చేసిన ప్రతి పనినీ ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటూ పోతాయి. టెంప్ ఫోల్డర్లో పడి ఉంటుంది, ఎవరూ తెరవరు. తెరిచినవాళ్లు కూడా ఆఖరి లైను చదివి వదిలేస్తారు. చదవాల్సింది మొట్టమొదటి తప్పు. దాని కిందవన్నీ దాని పిల్లలే. ఆ మొదటి తప్పులో సి డ్రైవ్, యూజర్స్ ఫోల్డర్, ఆ తర్వాత మాస్టారి పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు కనపడ్డాయి.

మనవడు ముచ్చటపడి తాతయ్య పేరు తెలుగులో కొట్టి అకౌంట్ తెరిచాడు. విండోస్ కూడా ఆ పేరుతోనే ఫోల్డర్ చేసిపెట్టింది, దానికేం ఇబ్బంది లేదు. ఇబ్బంది పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాములకి. అవి అక్షరాల్ని కోడ్ పేజీ అనే చిన్న పట్టికలోంచి తీసుకుంటాయి. రష్యన్‌కి 1251, థాయ్‌కి 874, వియత్నామీస్‌కి 1258 అని నంబర్లున్నాయి. ఆ వరసలో తెలుగుకి చోటు లేదు. మన లిపి విండోస్‌లోకి యూనికోడ్ దారినే వచ్చింది. పట్టికలో దొరకని అక్షరం బదులు ఆ ప్రోగ్రాం ప్రశ్నార్థకం పెడుతుంది. విండోస్‌లో ఫైలు పేరుకి ప్రశ్నార్థకం పనికిరాదు. ఇక ఫోల్డర్ దొరికేదెట్టా? యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇట్టాంటి ఇన్‌స్టాలర్ అమ్మేవాళ్లని ఏమనాలో నాకు తెలుసుగానీ, పత్రికలో రాయకూడదు.

టెంప్ ఫోల్డర్‌ని ఇంగ్లీషు పేరున్న చోటికి మళ్లిస్తే ఇన్‌స్టాల్ అయిపోయింది. మాస్టారు సంబరపడ్డారు, నేను పడలేదు. అనుకున్నట్టే, తెరవగానే మూసుకుపోయింది. సెట్టింగులు కూడా ఆ యూజర్ ఫోల్డర్లోనే రాసుకోవాలని చూస్తోందది. 2018 నుంచి విండోస్ 10లో పాత ప్రోగ్రాములన్నిటికీ కోడ్ పేజీ బదులు యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రూపం వాడించే ఐచ్ఛికం ఉంది గానీ, అది ఇంకా బీటా అనే రాసి ఉంటుంది, వేరే పాత ప్రోగ్రాములు దానికి తిరగబడొచ్చు. అందుకని ఇంగ్లీషు అక్షరాలతో కొత్త అకౌంట్ తెరిచి, క్యాసెట్ల ఫైళ్లు డి డ్రైవ్‌కి మార్చాను. ఈసారి ప్రోగ్రాం తెరుచుకుంది.

ఆ తర్వాతవి చిల్లర పనులు. మైకు గీత కదల్లేదు. ప్రైవసీ సెట్టింగుల్లో డెస్క్‌టాప్ యాప్‌లకి మైకు అనుమతి ఆపేసి ఉంది. పాడింది హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినపడింది. సెకనుకి 44,100 శాంపిళ్ల లెక్కన 1,024 శాంపిళ్ల బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు, పోను రాను రెట్టింపు. జర్మనీ కంపెనీ స్టైన్‌బర్గ్ 1997లో తెచ్చిన ఏసియో పద్ధతి డ్రైవర్ పెట్టి బఫర్ 256కి దించితే ఒక్కో వైపు ఆరు మిల్లీసెకన్లకి వచ్చింది. ఇంకా దించితే శబ్దం చిటపటలాడింది, అక్కడే ఆపాను.

“అంతా బాగుంది గానీ, నా పేరు ఇంగిలీషులో పడుతోందేంది?” అన్నారు మాస్టారు.

అకౌంట్ పేరు మార్చినా లోపలి ఫోల్డర్ పేరు మారదు. చాలామందిని విసిగించే సంగతే, ఇక్కడ మాత్రం కలిసొచ్చింది. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి, తెరమీద కనపడే పేరు మళ్లీ తెలుగులో కొట్టిచ్చాను.