గుడ్డకూ ఒక ఆది

జాకెట్టు కుట్టించుకోవడానికి బయల్దేరిన ఆడమనిషి సంచీలో కొత్త గుడ్డతో పాటు పాత జాకెట్టు ఒకటి ఉంటుంది. మనం ఆది జాకెట్టంటాం, చెన్నైలో మా పక్కింటావిడ అళవు జాకెట్ అంటుంది. ఒంటికి టేపు చుట్టించుకునే పని లేదు. భుజం ఎంత, చంక ఎంత, టక్కు ఎక్కడ పడాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. టైలరు దాన్ని బల్లమీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, కుట్టుకి వదిలి కత్తిరిస్తాడు. ఒళ్లు కాస్త మారినప్పుడు "ఈసారి అరంగుళం లూజు పెట్టు బాబూ" అంటే సరిపోతుంది.

ఆ పద్ధతినే నమ్ముకుని నేను బనీను గుడ్డ మీదికి దిగాను. ఎగ్మూరు పాంథియన్ రోడ్డులో ఎగుమతుల్లో మిగిలిపోయిన గుడ్డలు గుట్టలు పోసి అమ్మే కొట్ల వరస ఒకటుంది. అక్కణ్ణించి బూడిదరంగు బనీను గుడ్డ రెండు మీటర్లు తెచ్చి, నాకు చక్కగా అమరే కాటన్ కుర్తాని ఆదిగా పరిచి, అచ్చం అలాగే కత్తిరించి కుట్టాను. భుజాలు మోచేతుల వైపు జారాయి. మెడ నోరు తెరుచుకుంది. కింది అంచు వేయించిన అప్పడంలా వంకర్లు తిరిగింది. కొలతలో ఎక్కడ తప్పానో అని రెండు రోజులు టేపు పట్టుకుని వెతికాను. కొలత తప్పలేదు. ఒంటికి ఆది తీసుకున్నాను గానీ, గుడ్డకి తీసుకోలేదు.

మన బట్టల తెలివంతా పడుగూ పేకా చుట్టూ పెరిగింది. చెన్నై పుట్టుకలోనూ అదే ఉంది. 1730లలో కుంపిణీవాళ్లు నేతగాళ్ల కోసం కట్టించిన పేట చింతాద్రిపేట. చిన్న తరి పేట అన్నది అలా మారిందంటారు, తరి అంటే తమిళంలో మగ్గం. ఆ పేట వెలసిన తోట సుంకు రామ అనే తెలుగు కోమటి వర్తకుడిది. గుడ్డ చలువ చేసేవాళ్ల పేట వాషర్‌మన్‌పేట. ఇంత నేత చూసిన ఊళ్లో బనీను గుడ్డ కొత్త చుట్టమే. అది పుట్టింది మగ్గం మీద కాదు, అల్లిక యంత్రం మీద. ఇంగ్లండులో విలియం లీ అనే ఫాదరీ 1589లో మేజోళ్లు అల్లడానికి చేసిన యంత్రం దాని మూలపురుషుడు. చేతి అల్లికవాళ్ల పొట్ట కొడుతుందని ఎలిజబెత్ రాణి దానికి హక్కుపత్రం ఇవ్వలేదని కథ ఒకటి ఉంది.

పేర్ల సంగతి ఇంకా తమాషా. ఫ్రాన్సుకీ ఇంగ్లండుకీ మధ్య సముద్రంలో రెండు చిన్న దీవులున్నాయి, జెర్సీ, గెర్న్సీ. ఒకటి ఈ గుడ్డకే పేరైంది. రెండోది నోళ్లలో నలిగి నలిగి ఉత్తరాదివాళ్ల గంజీ అయింది. మన బనీనుకి మాత్రం బనియా వర్తకుల పేరు వచ్చింది. ఒకప్పుడు తెల్లదొరలు ఇంట్లో వేసుకున్న వదులు అంగీని బనియన్ అనేవారు. అది నేత గుడ్డే. పేరు మాత్రం ఎలాగో తిరుప్పూరు దాకా నడిచొచ్చింది. 2009లో జిల్లా కేంద్రమైన ఆ ఊరిని తమిళులు బనియన్ నగరం అంటారు. లోకమంతటికీ టీషర్టులు అక్కణ్ణించి ఓడలెక్కుతాయి, మిగిలినవీ దారి తప్పినవీ చెన్నైలో దిగుతాయి.

నేత గుడ్డలో దారాలు నిటారుగా, అడ్డంగా బిగిసి ఉంటాయి. నిలువున లాగినా అడ్డంగా లాగినా కదలవు. ఐమూలగా లాగితే మాత్రం కాస్త సాగుతాయి. మన టైలర్లకి అది ఎప్పటినుంచో తెలుసు. మెడకి వేసే పైపింగు క్రాసులోనే కత్తిరిస్తారు, లేకపోతే వంపు తిరగదు. క్రాస్ కట్ జాకెట్టు ఒంటిని పట్టుకుని ఉండడానికీ కారణం అదే. సాగని గుడ్డలో సాగుడు రాబట్టడానికి మన వాళ్లు ఇన్నేళ్లుగా చేస్తున్న యుక్తి అది. కటోరీ అతుకులన్నా, నాలుగు టక్కులన్నా, హుక్కులన్నా, ఆ సాగుడు లేకపోవడానికి కట్టిన సుంకమే.

బనీను గుడ్డలో పడుగూ లేదు, పేకా లేదు. ఒకే దారం ఉంగరంలో ఉంగరం దూరుస్తూ పోతుంది. లాగితే ప్రతి ఉంగరమూ అడ్డంగా పరుచుకుంటుంది, వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది. అందుకే టక్కు వేసే పని గుడ్డే చేసేస్తుంది, జిప్పూ హుక్కూ అక్కర్లేదు. తల దూరితే చాలు.

ఇప్పుడు గుడ్డకి ఆది తీయడం. ముందు ఉతకాలి. ఉతక్కుండా కోసిన బనీను గుడ్డ మొదటి ఉతుక్కే గజానికి ఒకటి రెండంగుళాలు నిలువున తగ్గడం మామూలు. ఆరాక మడత పెట్టి, అడ్డం వైపు సరిగ్గా 4 అంగుళాల మేర రెండు గుండుసూదులు గుచ్చి, స్కేలు పక్కన పెట్టుకుని లాగాలి. బలమంతా పెట్టి కాదు, అంచు చుట్టుకోవడం మొదలయ్యేదాకా. మామూలు సింగిల్ జెర్సీ అయితే 5 అంగుళాల దగ్గర ఆగుతుంది. రిబ్బు గుడ్డ 6 దాటుతుంది. తర్వాత వదిలేయాలి. అసలు పరీక్ష ఇదే. మళ్లీ 4కి వచ్చిందా? నాలుగుంపావు దగ్గర బద్ధకంగా ఆగిపోయిందంటే ఆ గుడ్డతో ప్యాంటు కుట్టకండి, వారంలో మోకాళ్ల దగ్గర సంచులు వేలాడతాయి. లైక్రా కలిసిన గుడ్డ టక్కున వెనక్కి వస్తుంది. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ ఆ దారం కనిపెట్టకపోతే మన లెగ్గింగులు లేవు.

అడుగూ మీదూ తెలియకపోతే ఇంకో చిట్కా. సింగిల్ జెర్సీ ముక్కని కోసిన అడ్డం అంచు దగ్గర పట్టి లాగితే, అది మీది వైపుకే చుట్టుకుంటుంది. నిలువు గీతనీ ఓపిగ్గా పట్టుకోవాలి. గొట్టంలా వచ్చిన గుడ్డకి కొట్టువాడు వేసిన ఇస్త్రీ మడతని నమ్మకూడదు. ఉంగరాల వరస ఒకటి వేలితో పోల్చుకుని, దాని వెంబడే మడత వేయాలి. లేకపోతే నాలుగు ఉతుకుల తర్వాత పక్క కుట్టు పొట్ట మీదికి నడిచొస్తుంది.

కొలతలకొద్దాం. ఛాతీ 36 ఉన్న మనిషికి కాటన్ కుర్తా 40 పెడతారు, నాలుగంగుళాలు లూజు. అదే కుర్తా పాతిక శాతం సాగే జెర్సీలో కుట్టాలంటే 36, మహా అయితే 37. బాగా సాగే రిబ్బు, లైక్రా అయితే 34 కూడా చాలు, ఒంటి కొలత కంటే తక్కువన్నమాట. ఇది మొదట్లో చెయ్యి వణికించే లెక్క. పాత ఆదిలోంచి టక్కులు తీసేయాలి, భుజం రెండువైపులా అరంగుళం లోపలికి, చంక అరంగుళం పైకి. చెయ్యి పైన గోపురంలా ఉండే వంపుని చదును చెయ్యాలి, ఎందుకంటే అక్కడ కుచ్చి దూర్చడానికి ఏమీ ఉండకూడదు. గుడ్డ పరిచి ఉండగానే చేతిని మొదట అతికి, ఆ తర్వాత చంక నుంచి నడుము దాకా పక్కలు ఒకే వరసలో మూసేస్తే పని తేలిక. ఇది మన జాకెట్టు టైలర్లు ఎప్పుడూ చేసేదే, తర్వాత లూజు విప్పుకోవచ్చని. భుజం కుట్టులో మాత్రం సన్నటి నాడా ఒకటి వేసి కుట్టాలి, లేకపోతే డ్రస్సు బరువంతా అక్కడే వేలాడుతుంది.

గుడ్డ కిలోల లెక్కన దొరికితే బెదరకండి. 180 జీఎస్ఎం గుడ్డ, అంటే చదరపు మీటరు 180 గ్రాములు తూగేది, 72 అంగుళాల పన్నా ఉంటే కిలోకి మూడు మీటర్లు వస్తుంది. పెద్దవాళ్లకి ఒక నైటీ, పిల్లకి ఒక టాపు.

కోత కుదిరినా మిషను కుదరాలి కదా. మా అమ్మ ఉషా మిషను కాలితో తొక్కేది, సూటికుట్టు తప్ప ఇంకేదీ రాదు. బనీను గుడ్డ మీద నాలుగు కుట్లు వేసి ఐదోది మింగేసేది. మిషను పాతబడిందనుకుని నూనె మీద నూనె పోశాను. చివరికి పెరంబూరులో ఫాల్స్, పీకో, ఓవర్‌లాక్ అని బోర్డు పెట్టుకున్న ఒక నెల్లూరావిడ దగ్గరికి ఆ కుట్టిన గుడ్డని తీసుకెళ్లాను. ఆవిడ కుట్టు మీద గోరు పెట్టి రాసింది.

"ఏంది అక్కా, చీరకి కుట్టే సూదితోనే దీన్ని కుట్టినావా?"

"సూదిలో ఏముందమ్మా?"

"అంతా దాంట్లోనే ఉండాది. మొన గుండ్రంగా ఉండేది అడుగు కొట్లో. బాల్ పాయింట్ అంటే ఇస్తారు."

వాడిమొన సూది ఉంగరపు దారాన్నే తెంచుతుంది. అక్కడ పడ్డ చిల్లు మేజోడు చిరుగులా కిందికి పాకుతుంది. గుండ్రటి మొన దారాలని పక్కకి తోసి మధ్యలోంచి దిగుతుంది. కుట్టు తప్పడానికీ లెక్కుంది. సూది కిందికి దిగి, పైకి లేవబోయేటప్పుడు దారం కాస్త ఉబ్బుతుంది. ఆ ఉబ్బునే కింద కొక్కెం అందుకుంటుంది. సాగే గుడ్డ సూదిని అంటుకుని తనూ పైకి లేస్తే ఉబ్బు రాదు, కొక్కెం ఖాళీగా తిరిగిపోతుంది. 11 నంబరు బాల్ పాయింట్ సూది, పాలియెస్టర్ దారం, గుడ్డ కింద పల్చటి కాగితం. కుట్టాక కాగితం చింపేయడమే. అంచు అలల్లా వంకర్లు తిరగడానికి మందు మిషను నెత్తి మీదే ఉంది. పాదాన్ని నొక్కే కడ్డీ పైన ఉన్న మరని రెండు చుట్లు వదులు చేస్తే, కింద పళ్లు గుడ్డని ఈడుస్తుంటే పైన పాదం అదిమి పెట్టడం తగ్గుతుంది.

జిగ్‌జాగ్ వచ్చే మిషనుంటే సన్నటి జిగ్‌జాగ్ వేసుకోవచ్చు, కుట్టు కూడా గుడ్డతో పాటు సాగుతుంది. నాకది లేదు. అందుకని ఇంట్లో పొట్టి సూటికుట్లు రెండు వరసలు వేసి, అంచులు పీకో కొట్లో ఓవర్‌లాక్ చేయించుకుంటాను. ఇంట్లో అన్నీ ఉండాలనే పట్టుదల కుట్టుపనిలో అనవసరం. సందుకో పీకో మిషను ఉన్న ఊరిది.

మెడపట్టీ దగ్గర మాత్రం తొందర పనికిరాదు. మెడ చుట్టు 24 అంగుళాలుంటే పట్టీ 24 కోయకూడదు. 85 శాతం, అంటే ఇరవైన్నర లోపు. వెడల్పు 2 అంగుళాలు, సాగే దిశ పొడుగు వైపు రావాలి. చివరలు కలిపి ఉంగరం చేసి, నిలువున మడిచి, మెడనీ పట్టీనీ విడివిడిగా నాలుగు భాగాలు చేసి గుండుసూదులు గుచ్చి, సూదికి సూది కలపాలి. ఇప్పుడు రెండు సూదుల మధ్య మెడ ఎక్కువ, పట్టీ తక్కువ. కుట్టేటప్పుడు పట్టీని మాత్రమే లాగి మెడ పొడుగుకి తేవాలి. మెడ మీద వేలు పడకూడదు, పడిందా, అది పెరిగిపోతుంది. కుట్టి వదిలితే పట్టీ ముడుచుకుంటూ మెడని లోపలికి లాక్కుని ఒంటికి ఆనిస్తుంది. మొదటిసారి అది కళ్ల ముందు జరిగినప్పుడు నేను మిషను దగ్గర్నుంచి లేచి ఇంట్లో అందరికీ చూపించొచ్చాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇదంతా ఎందుకు, టీనగర్ వెళ్తే వందల్లో దొరుకుతాయి కదా అంటారు. దొరుకుతాయి. కానీ మా అమ్మ కుడిచెయ్యి భుజం దాటి లేవదు. రవిక హుక్కులు పెట్టుకోలేదు, రెడీమేడ్ టాపుల్లో చంక పట్టేస్తుంది, చంక చాలిన సైజులో మెడ జారిపోతుంది. ఆవిడకి కుడి చంక ఎడమదానికంటే ముప్పావు అంగుళం దించి, మెడ మాత్రం ఒద్దికగా ఉంచి కుట్టాలి. అలాంటి సైజు ఏ ఫ్యాక్టరీ కోస్తుంది? చెన్నై ఎండలో చెమట పీల్చుకుని ఒంటికి గాలి ఆడనిచ్చే కాటన్ బనీను గుడ్డ ఆవిడకి చీరకంటే సుఖంగా ఉంది. బయటికి మాత్రం వేసుకు రాదు. "బనీను వేసుకుని గుడికెళ్లనా?" అంటుంది.

అమ్మకి కుట్టిన నైటీ వెంటనే కింద మడవలేదు. రాత్రంతా హ్యాంగరుకి వేలాడదీశాను. గుడ్డ తన బరువుకి తను దిగుతుంది, అన్నివైపులా సమంగా దిగదు. పొద్దున చూస్తే ఎడమ పక్క అరంగుళం కిందికొచ్చింది. నేల నుంచి స్కేలు పెట్టి గీసి, ఎక్కువున్నది కోసేశాను. కోసిన పట్టీ లాగగానే తాడులా చుట్టుకుపోయింది. మనవరాలు దాన్ని జడకి కట్టుకుంది. మిగిలిన తునకలు ఒక సంచీలో వేశాను. మెకానిక్ షాపుల వాళ్లు బనియన్ వేస్ట్ పేరుతో కిలోల్లెక్కన కొనేది ఇలాంటివే. నేను మిషను తుడుచుకోవడానికి దాచాను, ఆ రోజు పోసిన నూనె ఇంకా కారుతూనే ఉంది.